కొత్తిమీర కుండీలో మొలిచినవి

ముందు ఇంకా ఇద్దరున్నారు. మెడచుట్టూ ప్లాస్టిక్ గరాటు తగిలించుకున్న కుక్కతో ఒక పెద్దాయన, గుడ్డ కప్పిన పంజరంతో ఒక అమ్మాయి. పంజరంలో ఏముందో తెలియదు, అలికిడి లేదు. వాళ్ళ తరవాత మన వంతే, అనుకుంది ఆమె, అనుకుని ఒళ్ళో ఉన్న బుట్ట మూత రవ్వంత ఎత్తి చూసింది. పెద్దావిడ అలాగే ఉంది, పాత తువ్వాలు మీద ఒక మూలకి ముడుచుకుని, బొచ్చంతా రేగిపోయి, కళ్ళు సగం మూసుకుని, గడ్డం కింద తడిగా. చిన్నావిడ దాని పొట్టకి ముక్కు ఆనించి కదలకుండా కూర్చుంది. రెండూ గినీ పిగ్‌లు, గుప్పెడేసి ప్రాణాలు, పక్కింటివాళ్ళు తోకలేని ఎలుకలని నవ్వేవి. పెద్దావిడ, చిన్నావిడ అని వాటికి పేర్లు పెట్టింది ఆమె భర్తే. ఏడాది మొత్తం మీద ఆయన ఆడిన వేళాకోళం అదొక్కటే. ఇప్పుడాయన పక్క కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదుటి గోడకేసి చూస్తున్నాడు. గోడ మీద కుక్క పళ్ళ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని చూస్తున్నాడో, దాని అవతలికి చూస్తున్నాడో ఆమెకి తెలియదు, ఈమధ్య ఆయన ఎటు చూస్తున్నదీ ఆమెకి తెలిసి చావడం లేదు. లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ అడగబోయే మొదటి మాట మాత్రం బాగా తెలుసు. ఏం తిన్నది? అదే అడుగుతుంది, ఎవరైనా అదే అడుగుతారు.

ఏం తిన్నదో ఆమెకి తెలుసు. ఈ గదిలో, ఆ మాటకొస్తే ఈ లోకంలో, ఆమెకొక్కదానికే తెలుసు. పొద్దున ఆయన బుట్ట కోసం మంచం కింద దూరినప్పుడు ఆమె వంటింటి గోడవారనున్న కుండీల దగ్గరికి వెళ్ళింది, ఊరికే, కాళ్ళూ చేతులూ ఆడక వెళ్ళినట్టే వెళ్ళింది, కొత్తిమీర కుండీ చూసింది. కొత్తిమీర ఒక పక్కంతా కోసేసి ఉంది, సరే, నిన్న సాయంత్రం ఆయనే కోశాడు. కానీ ఆ కొత్తిమీర మధ్యన దూరి పెరుగుతున్న టమాటా మొక్కలు లేవు. జానెడు ఎత్తున, గుత్తిగా, నూగుకాడలతో ఉండేవి. వాటి మొదళ్ళు మాత్రం ఉన్నాయి, కత్తెరకి తెగి నున్నగా. ఒకదాన్ని గిల్లి వాసన చూసింది. టమాటా ఆకు వాసన దాచితే దాగేది కాదు. మొదళ్ళన్నీ వేళ్ళతో సహా పీకి, మట్టి సర్ది, పీకినవాటిని నలిపి చెత్తబుట్ట అడుక్కి తోసి పైన ఉల్లిపొట్టు కప్పింది. హత్య చేసినవాళ్ళకి కూడా ఇంత నేర్పు ఉండదేమో. అప్పుడే ఆయన బుట్ట పట్టుకుని వచ్చి, వెళ్దామా, అన్నాడు.

చెప్పాలి. చెప్పకపోతే డాక్టరమ్మ మామూలు కడుపుబ్బరం అనుకుని ఏదో చుక్కల మందు రాసిస్తుంది, పెద్దావిడ సాయంత్రానికల్లా చచ్చిపోతుంది. వీటికి వాంతి రాదు. మనిషైతే ఒకసారి కక్కుకుని, నీళ్ళు తాగి, పడుకుని లేస్తాడు, కుక్కైనా పిల్లైనా అంతే, వీటికి మాత్రం లోపలికి పోయింది లోపలే ఉండాలి, వెనక్కి రాదు. చెప్పాలి. చెబితే పక్కనే నిలబడి ఆయన వింటాడు. నిన్న సాయంత్రం ఆకు కోసిందెవరు, పెట్టిందెవరు, అడగకుండానే లెక్క తేల్చుకుంటాడు, తేల్చుకున్నాక ఒక్క మాట అనడు, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఇక ఆ గోడవైపు నుంచి ఇటు తిరగడు. ఆమెకి ఇది ఊహ కాదు. కళ్ళముందు జరిగి ఉన్నట్టే కనిపిస్తోంది. దీన్ని బతికించుకోవాలంటే ఆయన్ని చంపుకోవాలి, అనుకుంది, అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫినాయిలు వాసన. జంతువుల ఆసుపత్రికీ మనుషుల ఆసుపత్రికీ ఒకటే ఫినాయిలు వాడతారు కాబోలు. ఆ రోజు కూడా ఇలాంటి బెంచీ, ఇలాంటి వాసన, అప్పుడు కూడా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ఆయన చొక్కా మీద గ్రీజు, ఆ గ్రీజు మీద ఇంకేదో. ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఇరవై ఏళ్ళుగా ఒకే జోడీతో పనిచేశాడు, ఆ జోడీ లావుపాటి మనిషి, వచ్చినప్పుడల్లా చెల్లెమ్మా ఏమైనా తినడానికి ఉందా అంటూ వచ్చేవాడు, వంటింటి గడప మీద కూర్చునే తినేవాడు. ఆ రోజు ఆయన పైన మోటారు గదిలో, ఆ మనిషి కింద గోతిలో. కింద నుంచి, కదపొచ్చా, అని కేక వేశాడట. పైనుంచి ఈయన, కానీ, అన్నాడట, లిఫ్టు జారి ఆ మనిషి మీదికి వచ్చేసింది. అంతే. బ్రేకు లోపలి బిళ్ళ ఎప్పుడో అరిగిపోయిందని, బయటికి కనిపించేది కాదని తరవాత తేల్చారు. నీ తప్పు లేదని కంపెనీవాళ్ళు అన్నారు, విచారణకి వచ్చినవాళ్ళు అన్నారు, ఆఖరికి పోయినవాడి భార్య వచ్చి, అన్నయ్యా నువ్వు ఇలా అయిపోతే మాకు మాత్రం దిక్కెవరు, అని ఏడ్చింది. ఆయన అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. ‘కానీ’ అన్నది నేనే. ఆ తరవాత ఆ జవాబు కూడా మానేశాడు.

తరవాత అంతా గోడే. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు, మంచం గోడకి ఆనించి ఉంటుంది, ఆ గోడకి సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో ఆయనకి తెలిసినంతగా ఆ ఇల్లు కట్టినవాడికి కూడా తెలియదు. ఆమె పొద్దున్నే లేచి, వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, కళ్ళద్దాల కొట్టుకి పోయేది. కొట్టు వెనక గదిలో చక్రం ముందు కూర్చుని ఫ్రేములకి సరిపోయేట్టు అద్దాలు అరగదీయడం ఆమె పని. సాయంత్రం వచ్చి మూతలు తీస్తే వండినది వండినట్టే ఉండేది. తినండి అంటే, ఊఁ, అనేవాడు. ఏడ్చింది, తిట్టింది, చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది, ఒకసారి కంచం నేలకేసి కొట్టింది కూడా. ఊఁ. మేడ మీది తలుపు తాళంచెవి అప్పటినుంచీ ఆమె పర్సులోనే ఉంటుంది. బట్టలు ఆరేసుకోవాలంటే కింది అంతస్తులవాళ్ళు ఆమెని అడిగి తీసుకెళతారు, ఎందుకు నీ దగ్గర పెట్టుకున్నావని ఎవరూ అడగలేదు, ఆమే ఎవరికీ చెప్పుకోలేదు.

వాటిని తెచ్చింది ఆడపడుచు. కూతురికి ఆయాసం, ఇంట్లో బొచ్చు జంతువులు ఉండకూడదన్నారట, ఒకనాడు చెప్పాపెట్టకుండా పంజరమూ ఎండుగడ్డి మూటా మోసుకొచ్చి, కొన్నాళ్ళే వదినా, కాదనకు, అంది. కాదనడానికి ఆమెకి నోరు రాలేదు, కాదనకుండా ఉండడానికి మనసు రాలేదు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి ముద్ద దింపలేక చస్తుంటే ఇవి కూడానా. ఆడపడుచు వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి జాగ్రత్తలు అప్పజెప్పింది, గడ్డి ఎప్పుడూ ముందుండాలి వదినా, రోజూ పచ్చటి ఆకు పడాలి, సి విటమిన్ మనలాగే వీటికీ ఒంట్లో తయారవదు, ఆకులోంచే రావాలి, ఉల్లి వెల్లుల్లి వద్దు, బంగాళాదుంప ఆకు వద్దు, టమాటా పండు ముక్క పెట్టొచ్చు గానీ ఆకూ కాడా తగలనివ్వకు, విషం. ఆమె గరిటె తిప్పుతూ, సరే, సరే, అంటూనే ఉంది. అవతల గదిలో మంచం మీద ఆయన గోడకేసి. అన్నయ్యకి ఎలా ఉంది అని ఆడపడుచు గొంతు తగ్గించి అడిగింది, దానికి మాత్రం, సరే, అనలేకపోయింది.

మర్నాడు పొద్దున ఫ్రిజ్ తలుపు తీసిందో లేదో పంజరంలోంచి కూత మొదలైంది. ఒకటి అందుకుంటే రెండోది అందుకుంది, ఇంత ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకున్నాయో, చెవులు చిల్లులు పడేట్టు ఒకటే ఈల. ఆకు పడేదాకా ఆపలేదు. మంచం మీంచి ఆయన ఇటు తిరిగి, ఏమిటా గోల, అన్నాడు. వారం రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. ఆమె చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉండిపోయింది. మర్నాడు కావాలనే ఫ్రిజ్ తలుపు రెండుసార్లు తీసింది. ఆ మర్నాడు, ఆలస్యం చేసింది. అవి కూస్తుంటే వంటింట్లో నిలబడి వినబడనట్టు నటించింది, చూసి చూసి ఆయనే లేచి వచ్చి, ఏదో ఒకటి పడెయ్యవే వాటికి, అని పంజరం పక్కన కూలబడ్డాడు. కొన్నాళ్ళే అని వచ్చిన పంజరం గురించి తరవాత ఆడపడుచు ఫోను చేసి అడిగితే, ఉండనీ, అంది ఆమె, నువ్వు తీసుకెళతానన్నా ఇవ్వను.

ఒకసారి బజారు పుదీనా తిని రెండింటికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఏ మందు కొట్టిన ఆకో. అప్పుడే ఆమెకి పంతం వచ్చింది, బజారు ఆకు గుమ్మం తొక్కకూడదని. బాల్కనీ లేని ఇల్లు, వంటింటి కిటికీలోకి ఎండ మొహమాటానికి వచ్చిన చుట్టంలా అలా వచ్చి ఇలా పోతుంది. అయినా మొదలుపెట్టింది. గోధుమలు నానబోసి రేకు పళ్ళేల్లో పరిచి తడిగుడ్డ కప్పి, మొలకెత్తగానే తెల్లటి నూగు చూసి బూజనుకుని మొదటి పళ్ళెం మొత్తం పారబోసి, అది బూజు కాదు వేళ్ళ నూగని, నీళ్ళు చిలకరిస్తే నూగు అణిగిపోతుంది, బూజు అణగదని తరవాత తెలుసుకుని నాలిక్కరుచుకుంది. ధనియాలు నేల మీద పోసి సీసా దొర్లించి రెండు బద్దలు చేసి చల్లింది. పుదీనా కొమ్మలు గ్లాసులో పెట్టి వేళ్ళు వచ్చాక పాతింది. నర్సరీలో కొన్న మొక్క జోలికి వాటిని పోనివ్వలేదు, పాత ఆకంతా రాలి కొత్త ఆకు వచ్చేదాకా. ఒక పళ్ళెం కోతకొచ్చేసరికి ఒకటి మొలకలో, ఒకటి నానులో ఉండాలి, లేకపోతే ఈల. ఎండ చాలక మొక్కలు పాలిపోయి సాగిపోతుంటే ట్యూబులైటు ఒకటి కొని, కాస్త తగిలించి పెట్టరూ, అని ఆయన్ని బతిమాలింది. వారం పాటు బతిమాలింది. ఒకరోజు వచ్చి చూసేసరికి తగిలించి ఉంది, ఊరికే తగిలించడం కాదు, రెండు చిన్న కప్పీలు, తాడు, ఆ చివర బరువు కట్టి, మొక్కలు పెరిగినకొద్దీ వేలితో నెడితే లైటు పైకి పోయేట్టు అమర్చాడు. అచ్చం లిఫ్టే. ఆమె నెట్టి చూసింది, నెట్టినచోట ఆగింది, జారలేదు. ఆయన మంచం మీంచే, ఎంత బరువైనా ఆగుతుంది, అన్నాడు, అని మళ్ళీ అటు తిరిగాడు.

పెద్దాయన కుక్కతో లోపలికి వెళ్ళాడు. ఇంకొక్కరే. ఆమె, ఏమండీ, కాస్త మంచినీళ్ళ సీసా కొనుక్కొస్తారా, అంది. ఆయన వేలు పెట్టి చూపించాడు, గది మూలనే మంచినీళ్ళ కూజా, పక్కన గ్లాసు. లేచి రెండు గుక్కలు తాగి వచ్చింది, దాహం లేకపోయినా. చీటీ మీద రాసిద్దామంటే కలం లేదు, కౌంటరులో అమ్మాయిని అడిగితే ఎందుకని ఆయన చూస్తాడు. ఈ మందుల వాసన మీకు పడదు, బయట గాలికి కూర్చోండి, నేను చూపించుకొస్తాను, అంది. ఆయన బుట్టకేసి చూసి, పర్వాలేదు, అన్నాడు. ఏడాదిగా ఆమె కాళ్ళావేళ్ళా పడినా గుమ్మం దాటని మనిషి, అద్దె పంచాయితీకి రాడు, అత్తింటి పెళ్ళికి రాడు, ఇవాళే రావాలి, ఇవాళే పక్కనే ఉండాలి.

ఆ మొక్కలు ఆమె తప్పు. ఆయనకి చెప్పకపోయినా తనకి తాను చెప్పుకోక తప్పదు. మట్టి కొనలేక, కొన్న మట్టిలో ఏ మందు ఉంటుందోనని భయపడి, కూరగాయల తొక్కలు కుళ్ళబెట్టి కుండీల్లో కలిపింది, ఆ తొక్కల్లో టమాటా గింజలు వచ్చాయి. కొత్తిమీర మధ్య సన్నటి జంట ఆకు లేచినప్పుడే గుర్తుపట్టింది. పీకబోయింది. చెయ్యి వెళ్ళి ఆగిపోయింది. ఆ ఇంట్లో ఏదీ దానంతట అది జరిగి ఎన్నాళ్ళయింది, ముద్ద తినాలన్నా పోరాలి, స్నానం చెయ్యాలన్నా పోరాలి, లైటు తగిలించాలన్నా వారం పోరాలి, ఇవి మాత్రం ఎవరూ నాటకుండా, ఎవరూ అడగకుండా వచ్చాయి. పాపం ఉండనీ, అనుకుంది. ఆదివారం వేరే కుండీలోకి మారుద్దాం, కాస్తే పండు ముక్క పెద్దావిడకే పెడదాం. ఆదివారం వెళ్ళింది, ఇంకో ఆదివారం వెళ్ళింది. ఆ ఆకు ముట్టుకోకండి అని ఆయనతో ఒక్క ముక్క అని ఉండాల్సింది. ఎందుకనాలి, ఆయన ఎన్నడైనా ఆకు కోశాడు గనకనా. పంజరం పక్కన కూర్చుంటాడు, చూస్తాడు, ఇంకా గోలైతే ఆమెని కేకేస్తాడు. కోసేదీ పెట్టేదీ ఎప్పుడూ ఆమే.

నిన్న సాయంత్రం దాకా. కొట్టునుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఈల మోగుతోంది, మోగుతున్నది ఉన్నట్టుండి ఆగిపోయింది. తలుపు తోసింది. ట్యూబులైటు కింద ఆయన, చేతిలో కత్తెర, కింద పంజరంలో రెండూ ఆబగా నములుతున్నాయి. గోల పెడుతున్నాయి, వేశాను, అన్నాడు ఇటు తిరగకుండానే. ఎవరూ చెప్పకుండా. ఎవరూ పోరకుండా. ఆమె స్నానాలగదిలోకి పోయి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చింది, ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి ఇద్దరికీ వేడిగా అన్నం వడ్డిస్తే ఆయన రెండోసారి పెట్టించుకున్నాడు. వెంట్రుకవాసి తేడా వచ్చిన అద్దాన్ని చేత్తో తడిమి చెప్పగల మనిషి, రోజంతా చూపుతోనే పని చేసే మనిషి, ఆ పంజరంలోకి వంగి ఒక్కసారి చూసి ఉంటే చిన్నావిడ మూతి కింద కొత్తిమీరా, పెద్దావిడ మూతి కింద ఇంకో ఆకూ కనబడేవే. చూడలేదు. సంతోషంలో ఉంది. మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తుందో అన్నట్టు ఆ సంతోషాన్నే చూసుకుంటూ కూర్చుంది.

ఇవాళ పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే ఒక్క గొంతు ఈలే వినిపించింది. రెండోదేదని ఆమె ఇంకా అనుకునేలోపే మంచం మీంచి ఆయన, ఒక్కటే అరుస్తోంది, అన్నాడు, అని ఒక్క ఉదుటున లేచాడు. పంజరంలోంచి పెద్దావిడని ఆయనే పైకి తీశాడు. బస్సులో బుట్ట ఆయన ఒళ్ళోనే ఉంది, కుదుపు తగలకుండా రెండు చేతులూ కింద పెట్టి పట్టుకున్నాడు. సగం దారిలో, నిన్న నేనే కదూ పెట్టింది, అన్నాడు. కొత్తిమీరేగా, కొత్తిమీరకేమవుతుంది, అంది వెంటనే, మరీ వెంటనే అనేసింది. ఆయన తల ఊపాడు. కాసేపటికి కిటికీలోంచి బయటికి చూస్తూ, నేను చెయ్యి పెట్టింది ఏదీ, అన్నాడు, అని ఆగిపోయాడు. మిగతా మాట ఆమె పూర్తిచేసుకోక తప్పలేదు. బస్సు ఆగిన ప్రతిచోటా పూర్తిచేసుకుంది.

కుక్కతో పెద్దాయన బయటికి వచ్చి మందుల కోసం కౌంటరు దగ్గర నిలబడ్డాడు. గుడ్డ కప్పిన పంజరం లోపలికి వెళ్ళింది. బుట్టలోంచి సన్నగా పళ్ళు నూరుతున్న చప్పుడు. నొప్పికి నూరతాయని ఆడపడుచు చెప్పింది. ఆయనా విన్నాడు, ఆమె ఒళ్ళోకి వంగి మూత సందులోంచి ఒక వేలు దూర్చి పెద్దావిడ నుదుటి మీద నెమ్మదిగా రాస్తున్నాడు, అది కళ్ళు తెరవలేదు. ఓర్చుకో, అన్నాడు దానితో, ఇంకొక్కరే. ఆ మాట అంత మెత్తగా అన్నాడు, ఆమెతో కూడా అలా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. దేవుడా, ఇది బతకకపోతే ఈ మనిషిని నేను ఏం చేసుకోను, ఎవరికి అప్పజెప్పను. లోపలికి వెళ్ళిన పంజరం ఇంకాసేపు బయటికి రాకూడదని కోరుకుంది, అంతలోనే వెంటనే వచ్చెయ్యాలని కోరుకుంది. వచ్చేసింది. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మీరు రండి, అన్నారు.

డాక్టరమ్మ సన్నగా, అలిసిపోయినట్టు ఉంది, కళ్ళద్దాల్లో కుడివైపుది గీతలు పడి ఉంది, మార్చుకోవాలి, అనుకుంది ఆమె, ఇలాంటప్పుడు కూడా బుద్ధి అటే పోయింది. బల్ల మీద పెద్దావిడని పెట్టి పొట్ట నొక్కి చూసింది, నోరు తెరిచి చూసింది, చెవికి గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నది. పేగుల్లో కదలిక లేదు, అంది. తరవాత తలెత్తి అడిగింది.

"ఏం తిన్నది?"

"కొత్తిమీర," అన్నాడు ఆయన. "నేనే పెట్టాను."

"ఇంకేమీ లేదా? బాగా గుర్తు తెచ్చుకోండి. కొత్తిమీరకి ఇలా అవదు."

ఆయన మొహంలో రంగు మెల్లగా తగ్గిపోవడం ఆమె చూసింది. లోపల వెతుక్కుంటున్నాడు, నిన్నటి కత్తెర, నిన్నటి గుప్పిట, కొద్దిసేపట్లో దొరుకుతుంది, నూగుకాడ, ఘాటు వాసన, దొరికిపోతుంది. ఆమె ఏమీ ఆలోచించలేదు. ఇంతసేపూ ఆలోచించినదేదీ అక్కరకి రాలేదు.

"నేను పెట్టానండీ," అంది. "టమాటా ఆకు. ఈయన కొత్తిమీర వేశాక నేను వచ్చి పెట్టాను. పుదీనా కుండీలో మొలిచాయి, దండిగా ఉన్నాయి కదా అని కోసి పడేశాను."

డాక్టరమ్మ, ఎంత, అంది. గుప్పెడు, అంది ఆమె. ముందే చెప్పారు, నయం, లేకపోతే నేను గ్యాసుకి మందిచ్చి పంపేదాన్ని, అంటూ డాక్టరమ్మ అలమారా వైపు తిరిగింది. ఆమె మొగుడి మొహం చూడలేదు. బల్ల అంచు చూసింది.

"టమాటా ఆకా?" అన్నాడు ఆయన.

ఆమె బుట్టలో తువ్వాలు సర్దసాగింది.

"మా చెల్లెలు చెప్పింది కదే. పండు పెట్టొచ్చు, ఆకు విషమని. వంటింట్లో నీకు చెబుతుంటే నేను ఇవతల మంచం మీద పడుకుని విన్నాను. పక్కన నిలబడి నువ్వు వినలేదా?"

"మరిచిపోయానండీ."

"ఎలా మరిచిపోతావు? నూలుపోగంత గీత ఉంటే అద్దం వెనక్కి పంపేస్తావు, చేతిలో ఉన్నది ఏ ఆకో చూసుకోవద్దూ? నేను కడుపు నిండా పెట్టాక మళ్ళీ ఎందుకు పెట్టాలి? నోరులేనివి, మనం ఏది వేస్తే అది తింటాయి, మనమే కదా చూసుకోవాలి."

ఆయన గొంతు లేచింది. ఏడాదిగా ఆ గొంతు లేవలేదు. మెడ నరాలు పొంగాయి, చెవులు ఎర్రబడ్డాయి, లిఫ్టు తాడు సరిగా చుట్టలేదని వెనకటికి ఎవరినో ఫోనులో కేకలేస్తుంటే ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. విన్నాడట. గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఇంట్లో ప్రతి మాటా విన్నాడట. ఆమె తలవంచుకుని, అవునండీ, నా తప్పే, అంది, అది అబద్ధం కూడా కాదు. డాక్టరమ్మ చేతిలో సిరంజితో తిరిగి, గట్టిగా అరవకండి, అది బెదురుతుంది, అంది. రేపు పొద్దుటిదాకా ఏ మాటా చెప్పలేను, ఇప్పుడు విషాన్ని పీల్చే మందు పట్టాలి, తరవాత నీళ్ళెక్కించాలి, ముద్ద కలిపి మెల్లమెల్లగా పట్టిస్తూనే ఉండాలి, ఇంట్లో ఎవరు చూసుకుంటారు, అని అడిగింది.

"నేను," అన్నాడు ఆయన. "ఈవిడ వద్దు. నువ్వు బయట కూర్చో. ఇక వాటి జోలికి రాకు."

వచ్చి కూర్చుంది. తలుపు వెనకాల మూసుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఒళ్ళో బుట్ట కూడా లేదు. ఇంటికెళ్ళగానే ఆయనకంటే ముందు చెత్తబుట్ట ఖాళీ చెయ్యాలి, పుదీనా కుండీలో మట్టి కదిపి పెట్టాలి. అది బతక్కపోతే? బతక్కపోతే రేపూ ఇదే మాట అంటాడు, ఎల్లుండీ ఇదే, ముసలితనం దాకా ప్రతి గొడవలోనూ ఈ టమాటా ఆకే తీసుకొస్తాడు, నీ చేత్తో చంపావు, అంటాడు. అననీ. ఎన్నిసార్లైనా అననీ, పడి ఉంటాను. నన్ను అంటున్నంతసేపూ తనని తాను అనుకోడు. అలా అనుకుని ధైర్యం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు, వాటి జోలికి రాకు అన్న మాట మేకులా దిగబడి ఉంది, ప్రతి పళ్ళెమూ ప్రతి మొలకా తను పెంచినవి, ఇక ఆకు వేసే చెయ్యి తనది కాదు. కళ్ళ నీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు. తలుపు అవతల ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఒక దాని మీద ఒకటి, డాక్టరమ్మకి ఊపిరి తీసుకోనివ్వకుండా. ఎంత చిక్కగా కలపాలి, పడుకోబెట్టాలా కూర్చోబెట్టాలా, పక్కన చిన్నావిడని ఉంచొచ్చా, నీళ్ళు ఏ వైపునుంచి పోయాలి, అలా కాదు, ఇంకోసారి చూపించండి, సిరంజి నా చేతికివ్వండి. మందుల పొట్లం అందుకున్న పెద్దాయన కుక్కని లాక్కుంటూ వెళ్ళబోయి ఆ తలుపుకేసి చూశాడు, లోపల ఎవరమ్మా ఆ మనిషి, అంత గట్టిగా మాట్లాడుతున్నాడు, అని అడిగాడు.

"మా ఆయనండీ," అంది ఆమె.